33 బటన్లు, 7 స్విచ్‌లు: ఆదిలాబాద్ నొక్కితే కొమురం భీం ఎందుకు పలుకుతోంది?

మాస్టారూ, మీరు చెప్పినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో పెడతాను, ఎక్కడైనా పొరబడితే దిద్దండి. తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి ప్లైవుడ్ మీద తెలంగాణ పటం తయారు చేశారు. 33 జిల్లాలకు 33 బటన్లు. ఏ జిల్లా నొక్కితే ఆ జిల్లా గురించి ఎంపీ3 మాడ్యూల్ పలకాలి. పక్కన భాష, క్విజ్, శబ్దం వగైరా మార్చడానికి 7 టాగుల్ స్విచ్‌లు. మొత్తం 40. ఆర్డుయినో ఉనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులో అన్ని పిన్నులు లేవు కనుక 6 అడ్డు వరుసలు, 7 నిలువు వరుసలుగా మ్యాట్రిక్స్ అల్లి 13 పిన్నులతో సరిపెట్టారు. మొదటి 5 అడ్డు వరుసల్లో జిల్లాలు, ఆరో వరుసలో స్విచ్‌లు. పిల్లలు పరీక్షించినప్పుడు బాగానే ఉంది. భాష స్విచ్, క్విజ్ స్విచ్ రెండూ ఆన్ చేశాక మాత్రం ఆదిలాబాద్ నొక్కితే కొమురం భీం పలుకుతోంది. పైగా కొన్ని జిల్లాలు రెండుసార్లు పలుకుతున్నాయి. ఒక జిల్లా పలుకుతుండగా ఇంకో బటన్ నొక్కితే అసలు పట్టించుకోవడం లేదు.

ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేయాలని చూస్తే ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి పెరుగుతుంది. మొదటిది తీగలది, రెండోది బటన్ లోపలి లోహపు రేకుది, మూడోది ప్రోగ్రాంది.

తప్పు జిల్లా సంగతి ముందు చూద్దాం. మీ భాష స్విచ్ ఆరో అడ్డు వరుసలో మొదటి నిలువు దగ్గర ఉంది, క్విజ్ స్విచ్ రెండో నిలువు దగ్గర. రెండూ ఆన్‌లో ఉన్నాయంటే ఆరో అడ్డు తీగ ద్వారా మొదటి నిలువు తీగ, రెండో నిలువు తీగ ఒకదానికొకటి కలిసిపోయినట్టే. ఇప్పుడు ఆదిలాబాద్ నొక్కారు. అది మొదటి అడ్డు, మొదటి నిలువు కలిసే చోటు. ప్రోగ్రాం మొదటి అడ్డు తీగను సున్నా వోల్టులకు దించి, మామూలుగా 5 వోల్టుల దగ్గర ఉండే నిలువు తీగలను చదువుతుంది. మొదటి నిలువు కిందికి దిగింది, అది న్యాయమే. దాన్ని పట్టుకుని, స్విచ్‌ల దారిలో రెండో నిలువు కూడా దిగింది. మొదటి అడ్డు, రెండో నిలువు కలిసే చోట ఉన్నది కొమురం భీం. ఎవరూ నొక్కని కొమురం భీం నొక్కినట్టు కనిపించింది. మీ ప్రోగ్రాం నిలువు తీగలను వరుసగా చదివి, చివరగా కనిపించినదాన్ని గుర్తు పెట్టుకుంటుంది కనుక ఆదిలాబాద్ ఓడిపోయింది. కొమురం భీం నొక్కినప్పుడు ఆదిలాబాద్ ఎందుకు పలకడం లేదని మీరు అడిగారు కదా, జవాబు ఇదే. అప్పుడూ రెండూ కనిపిస్తున్నాయి, చివరిది గెలుస్తోంది.

మ్యాట్రిక్స్‌లో దీర్ఘచతురస్రం మూడు మూలలు మూసుకుంటే నాలుగో మూల దానంతట అదే మూసుకున్నట్టు కనిపిస్తుంది. కీబోర్డులు చేసేవారు దీన్ని గోస్టింగ్ అంటారు. బటన్లు మాత్రమే ఉంటే మూడు వేళ్లు ఒకేసారి పడితే తప్ప ఇది బయటపడదు, అందుకే పిల్లల పరీక్షలో దొరకలేదు. టాగుల్ స్విచ్ అలా కాదు. ఒకసారి ఆన్ చేస్తే గంటల తరబడి మూసుకునే ఉంటుంది. రెండు స్విచ్‌లు ఆన్‌లో ఉంటే రెండు మూలలు ముందే మూసి ఉన్నట్టు. ఇక ఒక్క వేలు చాలు. ఆన్‌లో నిలిచిపోయే స్విచ్‌ను డయోడ్ (కరెంటును ఒక వైపుకే పోనిచ్చే భాగం) లేకుండా మ్యాట్రిక్స్‌లో పెట్టకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

నా మాట నమ్మే ముందు మీరే తేల్చుకోండి. ఏడు స్విచ్‌లూ ఆఫ్ చేసి 33 బటన్లూ ఒక్కొక్కటిగా నొక్కండి. అన్నీ సరిగ్గా పలకాలి. తర్వాత ఏడూ ఆన్ చేయండి. ఇప్పుడు ఏ బటన్ నొక్కినా ఆ అడ్డు వరుసలోని చివరి జిల్లాయే పలకాలి, ఎందుకంటే నిలువు తీగలన్నీ ఒకటైపోయాయి. ఈ రెండూ నేను చెప్పినట్టే జరిగితే రోగం ఖాయమైనట్టే.

మందు చవకైనది. 1ఎన్4148 అనే చిన్న గాజు డయోడ్, ప్రతి స్విచ్‌కు ఒకటి, స్విచ్‌తో వరుసలో. డయోడ్ మీద నల్లటి పట్టీ ఉన్న కాలు అడ్డు తీగ వైపు ఉండాలి, ఎందుకంటే మీరు అడ్డు తీగను కిందికి లాగి నిలువు తీగను చదువుతున్నారు. కరెంటు నిలువు నుంచి అడ్డుకు పారాలి, వెనక్కి పోకూడదు. ప్రదర్శనకు సమయం తక్కువ ఉందన్నారు కనుక ముందు ఆరో వరుసలోని 7 స్విచ్‌లకు 7 డయోడ్‌లు వేయండి. ఒక సాయంత్రం పని. ఇప్పుడు వేధిస్తున్న తప్పు దాంతోనే పోతుంది. ఇద్దరు పిల్లలు ఒకే అడ్డు వరుసలోని రెండు జిల్లాలను ఒకేసారి నొక్కినప్పుడు ఆఫ్‌లో ఉన్న స్విచ్ ఆన్ అయినట్టు కనిపించే ప్రమాదం మాత్రం మిగులుతుంది. అది కూడా పోవాలంటే మిగిలిన 33 బటన్లకూ వేయాల్సిందే. ప్రదర్శన రోజున పిల్లల గుంపు పటం మీద పడి చేతికందిన బటనల్లా నొక్కుతుంది. కాబట్టి నా సలహా మొత్తం 40 వేయమనే.

డయోడ్‌లు వేసేలోపు ప్రోగ్రాంలో ఒకటి సరిచూడండి. చదవని అడ్డు వరుసల పిన్నులను ఔట్‌పుట్‌గా ఉంచి పైకి, అంటే 5 వోల్టులకు నిలిపి ఉంచితే, ఒకే నిలువులో రెండు బటన్లు పడ్డప్పుడు ఒక పిన్ను 5 వోల్టులు, ఇంకొకటి సున్నా, మధ్యలో రెసిస్టర్ ఏదీ లేదు. నేరుగా షార్ట్. ఉనోను నడిపే ఏటీమెగా328పీ చిప్‌లో ఒక పిన్ను 40 మిల్లీఆంపియర్లకు మించి ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. చిప్ అప్పటికప్పుడు కాలిపోకపోవచ్చు గానీ ఆ పిన్ను క్రమంగా దెబ్బతింటుంది. చదువుతున్న వరుసను మాత్రమే ఔట్‌పుట్‌గా కిందికి దించండి, మిగిలినవన్నీ ఇన్‌పుట్‌గా వదిలేయండి.

ఇక మీ టాగుల్ స్విచ్‌లు. కరెంటు సామాన్ల దుకాణంలో కొన్నవి, 250 వోల్టులు, 6 ఆంపియర్లు అని రాసి ఉందన్నారు. అవి దీపాలు వేయడానికి చేసినవి. వాటి లోపలి కాంటాక్టుల మీద సన్నని పొర పేరుకుంటుంది. ఆంపియర్లు పారినప్పుడు ఆ పొర కాలిపోయి కాంటాక్టు శుభ్రంగా ఉంటుంది. ఉనో లోపలి పుల్‌అప్ రెసిస్టర్ (తీగను 5 వోల్టుల వైపు లాగి ఉంచేది) 20 నుంచి 50 కిలో ఓములు, అంటే పారేది మహా అయితే పావు మిల్లీఆంపియరు. ఆ కాస్త కరెంటుకు పొర తొలగదు. కొత్తలో బాగుండి, రెండు నెలలు మూల పెట్టి తీసేసరికి స్విచ్ ఆన్ చేసినా ఆన్ కాదు. ఒక కళాశాల ప్రయోగశాల కోసం నేను చేసిన ప్యానెల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. స్విచ్‌ను నాలుగైదుసార్లు అటూ ఇటూ ఆడిస్తే పనిచేసేది, మరునాటికి మళ్లీ అంతే. ఏడు నిలువు తీగలకు ఏడు 2.2 కిలో ఓముల రెసిస్టర్లను 5 వోల్టులకు కలిపాక సమస్య తీరింది. మీరూ అదే విలువ వాడండి. ఒక్కో స్విచ్‌కు సుమారు 2 మిల్లీఆంపియర్లు పారతాయి. ఏడూ ఆన్‌లో ఉంటే ఆరో అడ్డు పిన్ను మీద 14 పడతాయి, అది పిన్ను హాయిగా మోసే బరువే. ఇంకా మంచిదని 1 కిలో ఓము వేస్తే అదే పిన్ను మీద 30 దాటుతుంది. వద్దు.

ఈ రెసిస్టర్ల వల్ల ఇంకో లాభం ఉంది. మీ పటం ఆరడుగుల ఎత్తు, తీగలు అటూ ఇటూ తిరిగి రెండు మీటర్లు వస్తాయి. అంత తీగకు వంద, రెండు వందల పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) ఉండవచ్చు. 200 పికోఫారడ్‌లు, 50 కిలో ఓములు కలిస్తే 10 మైక్రోసెకన్లు. కిందికి దిగిన నిలువు తీగ మళ్లీ పైకి లేవడానికి దానికి రెండు మూడు రెట్ల సమయం పడుతుంది. ఆలోగా ప్రోగ్రాం తర్వాతి అడ్డు వరుసను చదివేస్తే, పై వరుసలో నొక్కిన బటన్ కింది వరుసలోనూ నొక్కినట్టు కనిపిస్తుంది. పిల్లలు దీన్ని కూడా గోస్టింగ్ అనుకుని డయోడ్‌లను తిరగేసి చూస్తారు. దీనికి డయోడ్‌తో సంబంధం లేదు. 2.2 కిలో ఓములతో ఆ సమయం అర మైక్రోసెకనుకు తగ్గిపోతుంది. అయినా అడ్డు వరుస మార్చాక, చదివే ముందు 10 మైక్రోసెకన్లు ఆగమని రాయండి. ఖర్చేమీ లేదు.

రెండుసార్లు పలకడం గురించి. బటన్‌ను ఆసిలోస్కోప్‌కు (వోల్టేజీ మార్పును తెర మీద గీతగా చూపే పరికరం) కలిపి నెమ్మదిగా నొక్కి చూడండి, మీ పాఠశాలలో లేకపోతే దగ్గరలోని పాలిటెక్నిక్‌లో ఉంటుంది. పిల్లలకు తప్పక చూపించాల్సిన దృశ్యం అది. గీత ఒక్కసారి కిందికి పడి నిలవదు. పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది, సన్నని ముళ్ల కంచెలా ఐదారుసార్లు కొట్టుకుని, ఒకటి రెండు మిల్లీసెకన్లకు కుదురుకుంటుంది. లోపలి రేకు స్ప్రింగులా ఎగిరెగిరి పడుతోందన్నమాట. మనిషికి ఒక్క నొక్కు, మైక్రోకంట్రోలర్‌కు ఆరు నొక్కులు. వదిలినప్పుడూ ఇలాగే ఎగురుతుంది, చాలామంది దాన్ని మరచిపోతారు. మంచి బటన్లు 5 మిల్లీసెకన్లలో కుదురుకుంటాయి. పాతబడినవి, చవకవి అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి. 20 మిల్లీసెకన్లు లెక్క వేసుకుంటే దాదాపు అన్నిటికీ సరిపోతుంది, మనిషికి ఆ ఆలస్యం తెలియదు.

దీనికి మీరు ప్రతి నొక్కు తర్వాత 300 మిల్లీసెకన్ల డిలే, అంటే ప్రోగ్రాంను ఆపి ఉంచే ఆదేశం, పెట్టారు. రెండుసార్లు పలకడం తగ్గింది గానీ పోలేదు, ఎందుకంటే పిల్లవాడు అర సెకను నొక్కి ఉంచి వదిలినప్పుడు ఎగిరే రేకును ఆ డిలే ఆపలేదు. పైగా ఆ 300 మిల్లీసెకన్లూ మిగిలిన 39 ఇన్‌పుట్‌లకు ప్రోగ్రాం చెవిటిదైపోయింది. ఒక జిల్లా పలుకుతుండగా ఇంకో బటన్ అందకపోవడానికి కారణం కూడా ఇటువంటిదే. పలకడం అయ్యేదాకా ప్రోగ్రాంను ఒక లూప్‌లో కూర్చోబెట్టారు. ఆ లూప్‌నూ, డిలేనూ రెండింటినీ తీసేయండి.

వాటి స్థానంలో ఏమి పెట్టాలో చెబుతాను. మిల్లీస్ (బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్) చూసుకుంటూ ప్రతి 5 మిల్లీసెకన్లకు ఒకసారి 40 ఇన్‌పుట్‌లనూ ఒక్క ఊపులో చదివి 5 బైట్లలో పెట్టండి. అప్పుడే ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఇది ముడిసరుకు. ఇంకో 5 బైట్లలో కుదురుకున్న స్థితి ఉంటుంది. కొత్తగా చదివినది కుదురుకున్న స్థితికి భిన్నంగా వరుసగా నాలుగుసార్లు కనిపిస్తేనే మార్పును ఒప్పుకోవాలి. మధ్యలో ఒక్కసారి పాత విలువ కనిపించినా లెక్క సున్నాకు వెళ్లాలి. 40 ఇన్‌పుట్‌లకు 40 లెక్కలు అవసరమా అంటే, అవసరమే గానీ 40 వేరియబుల్స్ అక్కరలేదు. నాలుగు దాకా లెక్కించడానికి రెండు బిట్లు చాలు. ఎనిమిది ఇన్‌పుట్‌ల కింది బిట్లను ఒక బైటులో, పై బిట్లను ఇంకో బైటులో నిలువుగా పేర్చితే ఎనిమిదింటినీ ఒకేసారి లెక్కించవచ్చు. పాత స్థితికీ కొత్తదానికీ ఎక్స్‌ఆర్ చేస్తే తేడా ఉన్న బిట్లు వస్తాయి. కొత్త పై బైటు అంటే పాత పై బైటుకూ పాత కింది బైటుకూ ఎక్స్‌ఆర్ చేసి, తేడాతో ఆండ్ (రెండూ ఒకటైతేనే ఒకటి ఇచ్చేది) చేసినది. కొత్త కింది బైటు అంటే పాత కింది బైటునే తిరగేసి (సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా మార్చి), తేడాతో ఆండ్ చేసినది. ఈ వరుస మారకూడదు, పైది ముందు, కిందిది తర్వాత. తేడా ఉండి, రెండు బైట్లలోనూ సున్నా వచ్చిన బిట్లే నిజంగా మారినవి. వాటిని స్థితిలో తిప్పేయండి. నాలుగైదు పంక్తుల్లో అయిపోతుంది. లెక్కకూ స్థితికీ కలిపి 15 బైట్లు. ప్రతి బటన్‌కు ఒక మిల్లీస్ విలువ దాచుకునే పద్ధతిలో అయితే వాటికే 160 బైట్లు పోతాయి. ఉనోలో ఉన్న ర్యామ్ మొత్తం 2048 బైట్లే. పిల్లలతో ఈ లెక్కను నల్లబల్ల మీద ఒక బిట్ పట్టుకుని నాలుగు అడుగులు వేయించండి. డిజిటల్ లెక్క అంటే ఏమిటో ఆ పది నిమిషాల్లో పట్టుబడుతుంది.

కుదురుకున్న స్థితి చేతికొచ్చాక బటన్‌నూ స్విచ్‌నూ ఒకేలా చూడకండి. బటన్ అంటే ఒక సంఘటన, నొక్కిన క్షణమే దాని అర్థం. మారిన బిట్లలో ఆన్ అయినవాటిని తీసుకుంటే ఆ క్షణం దొరుకుతుంది. టాగుల్ స్విచ్ అంటే ఒక స్థానం. అది ఎప్పుడు మారిందన్నది ముఖ్యం కాదు, ఇప్పుడు ఎటు ఉందన్నదే ముఖ్యం. స్విచ్ మారినప్పుడల్లా భాషను తిప్పేలా రాస్తే, కరెంటు పోయి వచ్చిన తర్వాత స్విచ్ తెలుగు వైపు ఉంటుంది, గొంతు ఇంగ్లీషులో వస్తుంది. పలకాల్సిన ప్రతిసారీ స్విచ్ స్థానాన్ని అడిగి తెలుసుకోండి. పటానికి కరెంటు ఇచ్చిన వెంటనే మొదటి 40 మిల్లీసెకన్లు ఏ సంఘటననూ లెక్కలోకి తీసుకోవద్దు, స్థితులు కుదురుకోనివ్వండి.

ఇంకొక పట్టిక రాయండి. ఎన్నో బిట్ అయితే ఎన్నో ఆడియో ఫైలు అని 40 అంకెలు. ములుగు తీగ పొరపాటున నారాయణపేట చోటులో పడితే టంకం విప్పే పని ఉండదు, పట్టికలో రెండు అంకెలు తారుమారు చేస్తే చాలు. తీగలు ఏ క్రమంలో కలిపినా పరవాలేదని తెలిస్తే పిల్లల చేతికి ధైర్యంగా సోల్డరింగ్ ఐరన్ ఇవ్వవచ్చు.

వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి చేస్తే ఏది మంచిదని కూడా అడిగారు. చేతిలో మెగా 2560 ఉంటే అదే వాడండి. దానికి 54 డిజిటల్ పిన్నులు ఉన్నాయి. ఒక్కో బటన్‌కు ఒక్కో పిన్ను, రెండో కాలు గ్రౌండ్‌కు. మ్యాట్రిక్స్ లేదు, గోస్టింగ్ అన్న మాటే లేదు. ఉనోతోనే చేయాలంటే నేను మ్యాట్రిక్స్ కంటే 74హెచ్‌సీ165 అనే షిఫ్ట్ రిజిస్టర్‌ను ఇష్టపడతాను. ఒక చిప్ 8 ఇన్‌పుట్‌లను ఒకేసారి పట్టుకుని, ఒక్కొక్కటిగా ఒకే తీగ మీద ఇస్తుంది. 5 చిప్‌లను గొలుసుగా కలిపితే సరిగ్గా మీ 40. ఉనోలో 3 పిన్నులే పోతాయి. 40 వేళ్లు ఒకేసారి పడినా తప్పు చదవదు. కోఠిలోని గుజరాతీ గల్లీలో ఈ చిప్‌లు అడగండి.

దాంతో రెండు జాగ్రత్తలు. ఈ చిప్‌కు లోపల పుల్‌అప్‌లు ఉండవు. వదిలేసిన కాలు గాలిలో తేలుతూ, చెయ్యి దగ్గరికి తెస్తేనే మారిపోతుంది. ప్రతి చిప్‌కు ఏ103జే అని రాసి ఉండే తొమ్మిది కాళ్ల రెసిస్టర్ నెట్‌వర్క్ ఒకటి పెట్టండి, చుక్క ఉన్న కాలు 5 వోల్టులకు. చిప్‌లన్నీ ఉనో పక్కనే ఒకే బోర్డు మీద ఉండాలి. పటంలో జిల్లాల వెనక ఒక్కో చిప్ అమర్చితే తీగలు తగ్గుతాయి కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు క్లాక్ తీగ (బిట్లను ఒక్కొక్కటిగా జరిపించేది) మీటర్ల పొడవు సాగుతుంది, దాని మీద చిన్న కుదుపు వచ్చినా ఒక బిట్ జరిగిపోయి ఆ తర్వాతి జిల్లాలన్నీ ఒక ఇల్లు పక్కకు వెళ్తాయి. బటన్ తీగ ఎంత పొడవైనా సహిస్తుంది, క్లాక్ సహించదు. ప్రతి చిప్‌కు 16, 8 కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మరచిపోకండి.

ఆర్డుయినోలోని షిఫ్ట్‌ఇన్ ఫంక్షన్‌తో ఈ చిప్‌ను చదివితే ప్రతిసారీ మొదటి ఇన్‌పుట్ మాయమవుతుంది. దీని దగ్గర చాలామంది రోజులు పోగొట్టుకున్నారు. కారణం చిన్నది. ఆ ఫంక్షన్ క్లాక్‌ను ముందు పైకి లేపి తర్వాత చదువుతుంది. 165లో మొదటి బిట్ క్లాక్ రాకముందే బయట సిద్ధంగా ఉంటుంది, లేపగానే అది జరిగిపోతుంది. లోడ్ కాలు, అంటే ఒకటో కాలు, కిందికి దించి ఉంచినప్పుడే క్లాక్‌ను పైకి లేపి పెట్టండి. తర్వాత లోడ్‌ను పైకి ఎత్తి, షిఫ్ట్‌ఇన్‌ను ఐదుసార్లు పిలవండి. క్లాక్ అప్పటికే పైన ఉంది కనుక మొదటి బిట్ జరగదు, 40కి 40 వస్తాయి.

ఇన్‌పుట్ కాళ్లను పెంచే ఎంసీపీ23017 చిప్ గురించి ఎవరో చెప్పారన్నారు. మంచిదే, ఐ2సీ అనే రెండు తీగల సంధానం మీద ఎనిమిది చిప్‌ల దాకా కలపవచ్చు, లోపలే పుల్‌అప్‌లు ఉన్నాయి. అయితే 16 ఇన్‌పుట్‌లు అనే లెక్కతో కొనవద్దు. తయారీదారు కొత్త డేటాషీట్ ప్రకారం రెండు పోర్టుల్లోనూ (ఎనిమిదేసి కాళ్ల గుంపులు) 7 అనే నంబరున్న కాలు, అంటే జీపీఏ7, జీపీబీ7, ఔట్‌పుట్‌కు మాత్రమే, కనుక 14 అనుకోండి. ఒకే అనలాగ్ పిన్నుకు రెసిస్టర్ల నిచ్చెన కట్టి అయిదారు బటన్లు చదివే పద్ధతి మెనూ బటన్లకు సరిపోతుంది, రెండు ఒకేసారి పడితే తప్పు చెబుతుంది. పటానికి పనికిరాదు.

ప్రస్తుతానికి 7 డయోడ్‌లు వేశాక ఆడియో మాడ్యూల్‌ను పక్కన పెట్టి, 40 ఇన్‌పుట్‌లనూ సున్నాలు, ఒకట్లుగా సీరియల్ మానిటర్‌లో (ఉనో పంపేదాన్ని కంప్యూటర్ తెర మీద చూపే కిటికీ) ఒక వరుసలో చూపించండి. ఏడు స్విచ్‌లూ ఆన్ చేస్తే ఏడు ఒకట్లు కనిపించాలి. ఆరే ఉంటే, కనిపించని స్విచ్ దగ్గర డయోడ్ తిరగబడింది. ఏడూ ఉన్నాక మొదటి అడ్డు వరుసలోని ఏడు బటన్లను ఒక్కొక్కటిగా నొక్కండి. ప్రతిసారీ ఎనిమిది ఒకట్లే ఉండాలి. ఏ బటన్ దగ్గరైనా తొమ్మిదోది కనిపిస్తే, ఆ నిలువు వరుసలోని స్విచ్ డయోడ్ షార్ట్ అయింది. దాన్ని మార్చి మళ్లీ నొక్కి చూడండి.